బెల్ మోగాక పెడితేనే అందరికీ అందుతుంది

అమెరికా ప్రభుత్వ బడుల్లో పొద్దున పూట బ్రేక్‌ఫాస్ట్ పెడతారని అక్కడ పిల్లల్ని బడికి పంపే మనవాళ్లలో దాదాపు అందరికీ తెలుసు. అది ఎవరి కడుపు దాకా చేరుతోందో గమనించేవాళ్లు మాత్రం తక్కువ. ఉచితంగానో తగ్గింపు ధరకో లంచ్ తినే పిల్లలు 100 మంది ఉంటే, వాళ్లలో బ్రేక్‌ఫాస్ట్ కూడా తినేవాళ్లు దేశం మొత్తమ్మీద చాలా ఏళ్లుగా 60కి కాస్త అటూ ఇటూగానే ఉంటున్నారు. బడి అదే, వంటగది అదే, పిల్లల అర్హతా అదే. మరి మిగతా 40 మంది సంగతేమిటి? కొందరు ఇంట్లో తిని వస్తారు, నిజమే. చాలామంది మాత్రం కెఫెటీరియా మూసేలోపు బడికి చేరలేనివాళ్లు, చేరినా నలుగురి కళ్లలో పడటం ఇష్టంలేక అటు వెళ్లనివాళ్లు.

డబ్బు కట్టక్కర్లేదని ఇంటికో ఉత్తరం పంపేసి పని అయిపోయిందనుకునే స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థలు) ఎన్నో ఉన్నాయి. ధర తీసేయడం అవసరమే, కానీ చిక్కంతా వేళ దగ్గరా చోటు దగ్గరా ఉంది. పీటీఏలో, అంటే తల్లిదండ్రుల-టీచర్ల సంఘంలో ఉన్న తల్లిదండ్రులు, టీచర్లు, స్కూల్ బోర్డు మీటింగులకు వెళ్లే ఓపిక ఉన్నవాళ్లు ఈ వివరాలు పట్టుకుని అడిగితే పని కదులుతుంది.

ఈ కార్యక్రమం పేరు స్కూల్ బ్రేక్‌ఫాస్ట్ ప్రోగ్రామ్. 1966లో చైల్డ్ న్యూట్రిషన్ యాక్ట్ కింద ప్రయోగంగా మొదలైంది. పేద ప్రాంతాల బడులకూ, పిల్లలు చాలా దూరం నుంచి రావాల్సిన బడులకూ అప్పట్లో మొదటి ప్రాధాన్యం. 1975లో శాశ్వతం చేశారు. ఈ రెండు సంవత్సరాల మధ్య, 1969 జనవరిలో, ఓక్లాండ్‌లోని సెయింట్ అగస్టీన్ చర్చిలో నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ వాళ్లు బడికి వెళ్లే పిల్లలకు పొద్దున్నే తిండి పెట్టడం మొదలుపెట్టారు. కొద్దికాలంలోనే అది వేరే నగరాలకూ పాకింది. పిల్లలు ఆకలితో క్లాసులో కూర్చుంటున్నారన్న మాటను దేశం ముందు పెట్టడంలో వాళ్ల పాత్ర చిన్నదేమీ కాదు.

ఆలస్యంగా వచ్చిన బస్సు

ఒక బడి వేళలు ఊహించుకోండి. కెఫెటీరియా 7:30కి తెరుస్తారు, 7:55కి మూస్తారు, 8 గంటలకు బెల్. బస్సు 7:45కి రావాలి, 7:52కి వచ్చింది. దిగి, బ్యాగు లాకర్‌లో పెట్టి, కెఫెటీరియా దాకా నడిచేసరికి షట్టర్ దించేస్తున్నారు. ఆ పిల్లకి మళ్లీ తిండి లంచ్‌కే. చివరి స్టాపు నుంచి కాదు, మొదటి స్టాపు నుంచి ఎక్కే పిల్లలు ఇంకా ఘోరం: ఇంట్లో ఆరు గంటలకే బయల్దేరినా బడికి చేరేది అందరితో పాటే. రాత్రి షిఫ్టు చేసి వచ్చే తల్లి పిల్లల్ని 7:30కే దింపలేదు. వీళ్లకు బ్రేక్‌ఫాస్ట్ కాగితం మీద ఉచితం, చేతికి మాత్రం రాదు.

రెండో చిక్కు, పేదవాళ్లన్న ముద్ర. బెల్ కొట్టే ముందు కెఫెటీరియాలో కనిపించేవాళ్లంటే ఇంట్లో తినడానికి లేనివాళ్లు అని పిల్లలే తేల్చేస్తారు. ఆరో తరగతి దాటాక ఇది మరీ ఎక్కువ. ఎవరు ఉచితంగా తింటున్నారో బయటపడేలా వేరే లైను, వేరే రంగు టికెట్ లాంటివి పెట్టకూడదని ఫెడరల్ నియమం ఉంది. కానీ ఆ నియమం వడ్డించే తీరుకే వర్తిస్తుంది, ఎవరు ఎప్పుడు ఆ గదిలోకి వెళ్తున్నారన్నది పిల్లల కళ్లకు కనపడకుండా ఏ నియమమూ చేయలేదు.

ఈ రెంటికీ ఒకటే మందు: బ్రేక్‌ఫాస్ట్‌ని బెల్ తర్వాతకి మార్చడం, అందరూ తినే చోట పెట్టడం. దీనికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి.

చిన్న తరగతులకు క్లాస్‌రూమ్‌లోనే పెట్టడం మేలు. హైస్కూల్‌లో, పెద్ద మిడిల్ స్కూళ్లలో గ్రాబ్ అండ్ గో నడుస్తుంది: పిల్లలు లోపలికి వచ్చే తలుపుల దగ్గరే బండి పెట్టి సంచులు చేతికివ్వడం, వాళ్లు క్లాసులో కూర్చుని తినడం. మూడోది సెకండ్ ఛాన్స్ బ్రేక్‌ఫాస్ట్, అంటే మొదటి పీరియడ్ అయ్యాక పెట్టడం. టీనేజీ పిల్లల్లో చాలామందికి పొద్దున ఏడింటికి ఏమీ తినబుద్ధి కాదు, తొమ్మిదింటికి ఆకలి దంచేస్తుంది. అయితే దీనికి పది నిమిషాల విరామం టైమ్‌టేబుల్‌లోనే రాసి ఉండాలి. క్లాసు మారే నాలుగైదు నిమిషాల్లో సర్దుకోమంటే లైను కదలదు, పిల్లలు క్లాసుకి ఆలస్యమవుతారు, టీచర్లు ఎదురు తిరుగుతారు, నెల తిరిగేసరికి పథకం మూలపడుతుంది.

క్లాస్‌రూమ్‌లో పెట్టాలంటే

పాతిక మంది ఉన్న క్లాసుకి ఒక ఇన్సులేటెడ్ సంచి, పక్కన ఒక రోస్టర్, అంటే పిల్లల పేర్ల పట్టీ. వంటగది సిబ్బంది బెల్‌కి ముందే వీటిని చక్రాల బండి మీద గది గుమ్మం దగ్గరకు చేరుస్తారు. పాలు 41 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపే ఉండాలి. అందుకని సంచిలో అడుగున ఐస్ ప్యాకు వేసి పాల కార్టన్లను దాన్ని ఆనుకుని పెడతారు, సీరియల్, పండ్లు పైన. వేడి పదార్థమైతే 135 డిగ్రీలు తగ్గకూడదు కాబట్టి దానికి వేరే సంచి కావాలి. రెండూ ఒకే సంచిలో తోసేస్తే పాలు వెచ్చబడతాయి, శాండ్‌విచ్ చల్లారుతుంది, రెండూ చెత్తబుట్టకే. మొదటి నెల చల్లటి పదార్థాలతోనే నడిపి, చేయి తిరిగాక వారానికి రెండు రోజులు వేడిది పెట్టడం తెలివైన పని.

పిల్లలు లోపలికి వస్తూ తలా ఒకటి తీసుకుంటారు. తినడానికి 10 నుంచి 15 నిమిషాలు. ఈలోపు టీచర్ హాజరు తీసుకోవచ్చు, హోంవర్క్ కాగితాలు పోగుచేయవచ్చు, మైకులో ప్రకటనలు వినిపించవచ్చు. పాఠం టైము పోతుందన్నది టీచర్ల మొదటి అభ్యంతరం, అది కొట్టిపారేయాల్సిన అభ్యంతరం కాదు. ఆ పావుగంటను బోధన సమయంగా లెక్కించనిస్తారో లేదో మీ రాష్ట్ర విద్యాశాఖ దగ్గర ముందే రాతపూర్వకంగా తెలుసుకుని టీచర్ల ముందు పెట్టండి, సగం గొడవ తగ్గుతుంది. కొలరాడోలాంటి రాష్ట్రాలు ఇంకో అడుగు ముందుకేశాయి. అక్కడ 2013లో చేసిన చట్టం ప్రకారం, ఉచిత, తగ్గింపు అర్హత ఉన్న పిల్లలు 70 శాతం, ఆపైన ఉన్న బడులు బెల్ తర్వాత బ్రేక్‌ఫాస్ట్ పెట్టాలి.

ఇక చెత్త. ఈ విషయానికి మీటింగుల్లో రెండు నిమిషాలు కూడా ఇవ్వరు, తీరా పథకం కూలేది ఇక్కడే. పిల్లలు పాలు సగం తాగి కార్టన్ చెత్తసంచిలో వేస్తారు. పాతిక కార్టన్ల పాలు సంచి అడుగున చేరతాయి. సాయంత్రం కస్టోడియన్ (బడి శుభ్రం చేసే ఉద్యోగి) ఎత్తేసరికి అడుగు చిరిగి కార్పెట్ మీద ధార. రెండు రోజులకు వాసన, వారానికి చీమలు, ఆ తర్వాత ప్రిన్సిపాల్ నుంచి "ఇక వద్దు" అని ఈమెయిల్. దీనికి కావాల్సిన సరంజామా చాలా చవక: క్లాసుకో చిన్న బకెట్, మిగిలిన పాలు వంపడానికి, దాని పక్కన మూత ఉన్న చెత్త డబ్బా, ఒక పేపర్ టవల్ చుట్ట, తుడిచే వైప్స్. తిన్న పావుగంటకే డబ్బాలు వరండాలోకి రావాలి, పగటి కస్టోడియన్ వెంటనే తీసుకెళ్లాలి. అందుకే మొదటి ప్రణాళికా సమావేశానికే కస్టోడియన్లను పిలవాలి. నిర్ణయాలన్నీ అయిపోయాక వాళ్లకు చెప్పడమంటే ఆదిలోనే హంసపాదు.

తెరవని పాలు, తొక్క తీయని పండు ఒక బల్ల మీద పెడితే ఇంకా ఆకలి ఉన్న పిల్లలు తీసుకోవచ్చు. షేర్ టేబుల్ అంటారు. స్థానిక హెల్త్ డిపార్ట్‌మెంట్ ఒప్పుకోవాలి, పాలకు ఐస్ ఉండాలి. అలర్జీ ఉన్న పిల్లల పేర్లు రోస్టర్ మీదే ఉండాలి, సబ్‌స్టిట్యూట్ టీచర్ వచ్చిన రోజున అదొక్కటే కాపాడుతుంది.

లెక్క ఎక్కడ తప్పుతుంది

ఫెడరల్ ప్రభుత్వం బడికి డబ్బిచ్చేది ప్లేట్ల లెక్కన. ఆ ప్లేట్ నియమాలకు సరిపోవాలి, పిల్ల చేతికి అందిన చోటే లెక్క పడాలి. ఒక పిల్లకు రోజుకు ఒక బ్రేక్‌ఫాస్టే.

క్లాస్‌రూమ్ పద్ధతిలో ఎక్కువగా జరిగే తప్పు ఇది: టీచర్ హాజరు పట్టీ చూసి వచ్చినవాళ్లందరికీ టిక్ పెట్టేస్తుంది. వచ్చినవాళ్లు వేరు, తీసుకున్నవాళ్లు వేరు. రివ్యూకి వచ్చిన రాష్ట్ర అధికారి వరసగా పది రోజులు హాజరూ బ్రేక్‌ఫాస్టూ అంకె తేడా లేకుండా ఉండటం చూస్తే అనుమానించకుండా ఉండడు, డబ్బు వెనక్కి అడుగుతారు. పిల్ల తీసుకునేటప్పుడే టిక్ పడాలి. రోస్టర్‌ను టీచర్ బల్ల మీద కాకుండా సంచికే క్లిప్‌తో తగిలిస్తే ఈ తప్పు చాలావరకు ఆగుతుంది.

రెండో తప్పు ప్లేట్‌లో. ప్రతి వయసు పిల్లలకూ రోజుకు ఒక కప్పు పండు, ఒక కప్పు పాలు, కనీసం ఒక ఔన్స్ ధాన్యం లేదా మాంసకృత్తుల పదార్థం పెట్టాలి. ఐదో తరగతి వరకు వారం సగటున రోజుకు 350 నుంచి 500 కేలరీలు, 6 నుంచి 8 తరగతులకు 400 నుంచి 550, హైస్కూల్‌కి 450 నుంచి 600. ఆఫర్ వర్సెస్ సర్వ్ అనే వెసులుబాటు ఎంచుకున్న బడిలో కనీసం నాలుగు ఐటమ్‌లు ముందు పెట్టాలి, పిల్ల మూడు తీసుకుంటే చాలు, కాని అందులో అర కప్పు పండో కూరగాయో తప్పనిసరి. సీరియల్, పాలు, చీజ్ స్టిక్ తీసుకుని యాపిల్ వదిలేసి వెళ్లిన పిల్ల ప్లేట్‌కి పైసా రాదు. అందుకే పండును బండికి చివర్లో కాకుండా మొదట్లో పెట్టాలి. చిన్న పిల్లలకు యాపిల్ కోసి ఇస్తే తింటారు, మొత్తం కాయ ఇస్తే ముందు పళ్లు ఊడిన ఒకటో తరగతి పిల్ల ఏం చేస్తుంది? జ్యూస్ ఇవ్వొచ్చు, వారం మొత్తం పండ్ల లెక్కలో సగానికి మించకూడదు.

2025 జూలై నుంచి చక్కెర మీద కొత్త హద్దులు వచ్చాయి: సీరియల్‌లో ఔన్సుకి కలిపిన చక్కెర 6 గ్రాములు, యోగర్ట్‌లో ఆరు ఔన్సులకు 12 గ్రాములు దాటకూడదు. ఫ్లేవర్ పాలకు ఎనిమిది ఔన్సులకు 10 గ్రాములు. పాత సరుకు స్టోర్‌లో మిగిలి ఉందేమో చూసుకోవాలి.

సీఈపీ లెక్క

బడి మొత్తానికీ ఎవరినీ దరఖాస్తు అడగకుండా ఉచితంగా పెట్టే దారి కమ్యూనిటీ ఎలిజిబిలిటీ ప్రొవిజన్, అందరూ సీఈపీ అంటారు. 2010 చట్టంతో వచ్చింది, 2014 నుంచి దేశమంతా అమల్లో ఉంది. స్నాప్ (తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లకు తిండి కొనుక్కోవడానికిచ్చే ప్రభుత్వ సాయం) లాంటి పథకాల జాబితాలతో సరిపోల్చి దరఖాస్తు లేకుండానే అర్హులని తేలిన పిల్లలు, ఫోస్టర్ కేర్‌లో ఉన్నవాళ్లు, ఇల్లు లేనివాళ్లు, వలస కార్మికుల పిల్లలు, వీళ్లంతా కలిపి బడిలో ఎంత శాతమో చూస్తారు. మొదట్లో 40 శాతం ఉండాలనేవారు, 2023 అక్టోబరులో దాన్ని 25కి తగ్గించారు.

ఆ శాతాన్ని 1.6తో గుణిస్తే వచ్చినన్ని ప్లేట్లకు పూర్తి ఉచిత రేటు, మిగిలినవాటికి అతి తక్కువ రేటు ఇస్తారు. 2024-25 విద్యా సంవత్సరంలో, పేద పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకిచ్చే సివియర్ నీడ్ రేటు బ్రేక్‌ఫాస్ట్‌కి 2.84 డాలర్లు, రెండో రేటు 39 సెంట్లు. రోజుకు 300 బ్రేక్‌ఫాస్ట్‌లు పెట్టే బడిలో శాతం 50 అనుకుందాం. 1.6తో గుణిస్తే 80. అంటే 240 ప్లేట్లకు 681.60, 60 ప్లేట్లకు 23.40, మొత్తం రోజుకు 705 డాలర్లు. అదే బడిలో శాతం 25 అయితే 120 ప్లేట్లకే పూర్తి రేటు, మొత్తం 411 డాలర్లు. వండటానికీ మనుషులకూ అయ్యే ఖర్చు రెండు చోట్లా ఒకటే. శాతం 62.5 దాటితే అన్ని ప్లేట్లకూ పూర్తి రేటే. 25కి తగ్గించినా చాలా బడులు ముందుకు రాకపోవడానికి కారణం ఈ తేడాయే. ఆ లోటును డిస్ట్రిక్టో రాష్ట్రమో ఫెడరల్ డబ్బు కాని వేరే నిధుల నుంచి పూడ్చాలి.

ఇక్కడొక ఉపాయం ఉంది, చాలా బోర్డులు దీన్ని వాడుకోవు. బడులను గుంపుగా కలిపి ఒకే శాతం కట్టొచ్చు. 500 మంది పిల్లలున్న ఒక బడిలో 300 మంది, పక్కనున్న ఇంకో 500 మంది బడిలో 100 మంది దరఖాస్తు లేకుండానే అర్హులని తేలారనుకోండి. రెండోది విడిగా 20 శాతమే, అర్హత లేదు. కలిపితే వెయ్యికి 400, అంటే 40 శాతం, 64 శాతం ప్లేట్లకు పూర్తి రేటు. ఏ బడిని ఏ బడితో కలిపితే ఎంత వస్తుందో స్ప్రెడ్‌షీట్‌లో ఒక పూట కూర్చుంటే తేలిపోతుంది. మనవాళ్లలో ఇలాంటి లెక్కలు అలవోకగా చేసేవాళ్లు వీధికి ఇద్దరున్నారు, ఆ నేర్పు డిస్ట్రిక్టుకి అరువివ్వండి.

ఒకసారి తీసుకుంటే శాతం నాలుగేళ్లు నిలుస్తుంది. మధ్యలో పెరిగితే కొత్త శాతంతో మళ్లీ మొదలుపెట్టొచ్చు. లెక్క తీసేది ఏప్రిల్ 1 నాటి వివరాలతో, డిస్ట్రిక్టు చేరాల్సిన గడువు జూన్ 30.

శాతాన్ని పెంచేది పిల్లల సంఖ్య కాదు, సరిపోల్చడంలో శ్రద్ధ. రాష్ట్రం పంపే జాబితాలో ఇంటిపేరు స్పెల్లింగ్ ఒకలా, బడి రికార్డులో ఇంకోలా ఉంటే ఆ పిల్ల జారిపోతుంది. ఒక ఇంట్లో ఒక పిల్లకు స్నాప్ తేలితే అదే ఇంట్లోని మిగతా పిల్లలకూ వర్తిస్తుంది. అన్నదమ్ముల చిరునామాలు కలిపి చూడకపోతే వాళ్లూ పోతారు. జాబితాలో సరిపోలని పేర్లను ఏప్రిల్‌కి ముందు ఒక్కొక్కటిగా చేత్తో చూడటం కన్నా లాభసాటి పని ఇందులో లేదు.

2025 జూలైలో వచ్చిన ఫెడరల్ చట్టం స్నాప్‌కి పని షరతులు బిగించింది, ఇంట్లో 14 ఏళ్లలోపు పిల్లలు లేకపోతే ఇప్పుడు తల్లిదండ్రులకూ అవి వర్తిస్తాయి. స్నాప్ పోయిన ఇంటి పిల్లలు ఈ జాబితాలోంచీ పోతారు, బడి శాతం పడిపోతుంది, ఆ దెబ్బ బడిలో మిగతా పిల్లల ప్లేట్ మీదా పడుతుంది. రానున్న ఏళ్లలో అన్నిటికన్నా ఎక్కువ దిగులు కలిగించేది ఇదే.

మన పిల్లలు తినొచ్చా

జరుగుబాటు ఉన్న తల్లిదండ్రులు తరచూ అడిగే మాట: మన పిల్ల ఉచిత బ్రేక్‌ఫాస్ట్ తింటే, లేని పిల్ల నోటి దగ్గరది లాక్కున్నట్టు కాదా? సీఈపీ బడిలో కాదు. పై లెక్కలో 300 ప్లేట్లకు 705 డాలర్లు, అంటే ఎవరు తిన్నా ప్లేట్‌కి సగటున 2.35 వస్తుంది. వంటమనిషి జీతం, బండి, ఫ్రిజ్ ఖర్చు 200 మంది తిన్నా 300 మంది తిన్నా పెద్దగా మారదు, ప్లేట్లు పెరిగితే ఆ ఖర్చు పలచబడుతుంది. అంతకన్నా ముఖ్యం, ఉన్న పిల్లలూ లేని పిల్లలూ ఒకే సంచిలోంచి తీసుకున్న గదిలో ముద్ర అనేదానికి చోటుండదు. ఇంట్లో తిని వచ్చిన పిల్ల ఒక యాపిల్, పాలు, చిన్న మఫిన్ తీసుకుని పక్కపిల్లతో కూర్చుంటే అది మంచిదే. తినకుండా పారేస్తే మాత్రం మంచిది కాదు, ఆ మాట ఇంట్లో చెప్పాలి.

సీఈపీ లేని బడిలో

అక్కడ దరఖాస్తే దారి. ఇంటి ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకు 130 శాతం లోపైతే ఉచితం, 185 శాతం లోపైతే తగ్గింపు ధర, అది బ్రేక్‌ఫాస్ట్‌కి 30 సెంట్లు మించకూడదు. 2025-26కి నలుగురున్న ఇంటికి ఆ అంకెలు 41,795, 59,478 డాలర్లు. దరఖాస్తులో పౌరసత్వం గురించి అడగరు. ఇంట్లో ఒక పెద్దవాళ్ల సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలు రాయాలి, లేకపోతే లేదని టిక్ పెట్టాలి. ఈ సంగతి తెలియక భయంతో కాగితం దాచేసే కుటుంబాలున్నాయి, వాళ్లకు వాళ్ల భాషలో చెప్పే మనిషి కావాలి.

బడి పది పనిదినాల్లో జవాబివ్వాలి. పోయినేడాది అర్హత కొత్త సంవత్సరంలో 30 పనిదినాల వరకే నడుస్తుంది. అక్టోబరు మొదట్లో హఠాత్తుగా కొందరి పిల్లలకు బాకీ పడటానికి కారణం ఇదే. సెప్టెంబరులోనే ఫోన్లు చేయాలి. ఆమోదించిన దరఖాస్తుల్లో కొన్నింటిని తనిఖీకి ఎంపిక చేసి నవంబరు 15 లోపు ఆదాయం రుజువులు అడుగుతారు. ఆ ఉత్తరానికి బదులివ్వని ఇంటికి, నిజంగా అర్హత ఉన్నా సరే, ఉచితం ఆగిపోతుంది. తనిఖీ ఉత్తరం వెళ్లిన ప్రతి ఇంటికీ ఒక ఫోన్ కాల్ చేయమని బోర్డుని అడగండి. మళ్లీ ఏ రోజైనా కొత్త దరఖాస్తు పెట్టుకోవచ్చని కూడా చాలామందికి తెలియదు.

కాలిఫోర్నియా, మెయిన్ 2022-23 నుంచీ, కొలరాడో, మిన్నెసోటా, న్యూ మెక్సికో, వెర్మాంట్, మిషిగన్, మసాచుసెట్స్ ఆ తర్వాతి సంవత్సరం నుంచీ, న్యూయార్క్ 2025-26 నుంచీ రాష్ట్రం డబ్బుతో పిల్లలందరికీ ఉచితం చేశాయి. కోవిడ్ కాలపు ఫెడరల్ వెసులుబాటు 2022 జూన్ 30తో ముగిశాక వచ్చిన మార్పులివి. ఆ రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు ధర గొడవ వదిలేసి నేరుగా బెల్ వేళ గురించి అడగొచ్చు. కెఫెటీరియా ఎన్నింటికి తెరుస్తారు, ఆఖరి బస్సు ఎన్నింటికి వస్తుంది, గత నెల రోజుకు ఎన్ని బ్రేక్‌ఫాస్ట్‌లు, ఎన్ని లంచ్‌లు వెళ్లాయి. ఈ నాలుగు అంకెలూ ఫుడ్ సర్వీస్ డైరెక్టర్ దగ్గర ఉంటాయి, అడిగితే ఇస్తారు. బ్రేక్‌ఫాస్ట్‌ల లెక్క లంచ్‌లలో సగం కూడా లేకపోతే, ముందు ఒకే ఒక అంతస్తులోని క్లాసుల్లో ఆరు వారాలు క్లాస్‌రూమ్ పద్ధతి పెట్టి చూద్దామని రాసివ్వండి. కస్టోడియన్ పేరు ఆ కాగితంలో మొదటి పేజీలోనే ఉండాలి.